టెరాహెర్ట్జ్ స్కానింగ్‌కి నానోటెక్నాలజీ ఇచ్చేది లోతు కాదు, టైమ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: టెరాహెర్ట్జ్ తరంగాలు ఎక్స్-రేల్లా హాని చెయ్యవు, క్యాన్సర్‌ని ముందే పట్టిస్తాయి అని చదివారు. అయినా ఏ ఆస్పత్రిలోనూ ఆ మిషన్ కనపడట్లేదు. ఇప్పుడు నానోటెక్నాలజీ తోడైతే సీటీ, ఎంఆర్ఐల సరసన చేరుతుందా? నానోకణాలు ఎక్కిస్తే ఒంట్లో లోపలెక్కడో ఉన్న గడ్డలు కనిపిస్తాయా? ఎంటెక్ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకోవచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. లోపలి గడ్డలు కనిపించవు. ఏ నానోకణం ఎక్కించినా కనిపించవు. పైపైన ఉన్నవాటికి మాత్రం పనికొస్తుంది: చర్మం, కంటి కార్నియా, ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్క అంచులు, షుగర్ ఉన్నవాళ్ల అరికాలు. అక్కడ కూడా నానోటెక్నాలజీ వల్ల అసలు లాభం ఒంట్లోకి ఎక్కించే కణాల్లో లేదు, మిషన్ లోపల ఉంది. ప్రాజెక్టు చెయ్యొచ్చు, కానీ ఏ భాగం పట్టుకుంటారన్నది ముఖ్యం. అది చివర్లో చెబుతాను.

నేను పదమూడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట పీహెచ్‌డీ ల్యాబ్‌లో, ఆ తర్వాత పరికరాలు తయారుచేసే చోట. డాక్టర్ని కాదు కాబట్టి వైద్యం వైపు చెప్పేది ఇంజనీరు మాటగానే తీసుకోండి.

అంతా నీళ్ల దగ్గరే ఉంది

టెరాహెర్ట్జ్ అంటే మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య పట్టీ. సుమారు 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ దాకా అనుకోండి. 1 టెరాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 300 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతుకి కాస్త తక్కువ. ఒక్కో ఫోటాన్ శక్తి 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే. ఎక్స్-రే ఫోటాన్‌కి వేల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. అందుకే ఇది అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొట్టలేదు, డీఎన్ఏ జోలికి పోలేదు. మోతాదు మించితే వేడెక్కిస్తుంది, అంతే. ఈ 'సురక్షితం' అన్న మాటలో అబద్ధం లేదు.

చిక్కు వేరే చోట ఉంది. ఈ పట్టీలో నీళ్లు తరంగాలని గటగటా తాగేస్తాయి. 1 టెరాహెర్ట్జ్ దగ్గర ద్రవ రూపంలోని నీటి శోషణ గుణకం సెంటీమీటరుకి 220 ప్రాంతంలో ఉంటుంది. దీన్ని మామూలు భాషలోకి మారిస్తే, ప్రతి 0.1 మిల్లీమీటరు నీటి పొర దాటేసరికి శక్తిలో సుమారు తొమ్మిదో వంతే మిగులుతుంది. ఒక మిల్లీమీటరు దాటితే నూరు కోట్లలో ఒక వంతు కూడా మిగలదు. చర్మం పూర్తిగా నీళ్లు కాదు కాబట్టి కాస్త నయం, కొవ్వు ఇంకా నయం. అయినా కాలేయంలో గడ్డ చూడాలనుకోవడం గోడ మీద టార్చి వేసి పక్కింట్లో ఎవరున్నారో చూడాలనుకోవడమే.

కానీ ఆ నీళ్లే మనకి సిగ్నల్ కూడా. 1995లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హు, నస్ అనే ఇద్దరు టెరాహెర్ట్జ్ పల్స్‌లతో బొమ్మలు తీసినప్పుడు చూపించినవాటిలో ఒక చెట్టు ఆకు ఉంది. ఆకులో నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఆరేకొద్దీ ఎలా తగ్గాయో బొమ్మలో తెలిసింది. తర్వాత చర్మ క్యాన్సర్ మీద, రొమ్ము క్యాన్సర్ ముక్కల మీద జరిగిన పనిలో కూడా కనిపించే తేడాలో పెద్ద వాటా నీటిదే. కణితి ఉన్న చోట సాధారణంగా నీరు ఎక్కువ, కణాల అమరిక వేరు. అంటే ఈ మిషన్ క్యాన్సర్‌ని నేరుగా చూడదు. తడి ఎంతుందో చూస్తుంది, క్యాన్సర్ సంగతి దాన్నిబట్టి మనం ఊహిస్తాం. ఇది మర్చిపోయినవాళ్లు ఎలా బోర్లా పడతారో నా కథే చెబుతాను.

పీహెచ్‌డీ రెండో ఏడాది. మనుషుల ముక్కలకి ఎథిక్స్ అనుమతి రావడానికి నెలలు పడుతుందని చికెన్ మీద మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే షాపుకెళ్లి కొవ్వు అంటుకుని ఉన్న చిన్న బోన్‌లెస్ ముక్క ఒక్కటి ఇమ్మంటే ఆయన నా మొహం వింతగా చూసేవాడు. రెండు సెంటీమీటర్ల చదరం, పావు మిల్లీమీటరుకో పాయింటు, మొత్తం 6,400 పాయింట్లు. స్కాన్‌కి నలభై నిమిషాలు పట్టేది. బొమ్మలో ముక్క చుట్టూ చక్కటి అంచు వచ్చింది, రెండు మిల్లీమీటర్ల వెడల్పున, ఉంగరంలా. కొవ్వుకీ కండకీ మధ్య సరిహద్దు ఇంత బాగా వచ్చిందని పొంగిపోయి ప్రింటు తీసి గోడకి అంటించాను కూడా. మా గైడ్ దాన్ని చూసి ఒక్కటే అడిగారు: "కింద నుంచి పైకి స్కాన్ చేశావు కదా, పై నుంచి కిందకి చేస్తే?" చేశాను. ఉంగరంలో లావుగా ఉన్న వైపు తిరగబడింది. అది కొవ్వు కాదు. నలభై నిమిషాల్లో ముక్క అంచులు ఆరిపోతున్నాయి, చివర్లో స్కాన్ అయిన వైపు ఎక్కువ ఆరుతోంది. నేను గోడకి అంటించుకున్నది చికెన్ ముక్క ఆరుతున్న బొమ్మ!

ఆ తర్వాత నుంచి వంటింటి క్లింగ్ ఫిల్మ్ చుట్టి స్కాన్ చేశాను. పాలిథీన్, టెఫ్లాన్, కాగితం, పొడి బట్ట టెరాహెర్ట్జ్‌కి దాదాపు అడ్డే కావు. కానీ రోగి పాదాన్నో మొహాన్నో నలభై నిమిషాలు కదలకుండా పెట్టగలమా? ఆస్పత్రి దాకా రాకపోవడానికి నా లెక్కలో లోతు కంటే పెద్ద కారణం ఈ టైమే. నానోటెక్నాలజీ సాయం చేసేది సరిగ్గా ఇక్కడ.

మిషన్ లోపల నానో

ల్యాబుల్లో ఎక్కువగా వాడే టెరాహెర్ట్జ్ సోర్సు ఫోటోకండక్టివ్ యాంటెన్నా. గాలియం ఆర్సెనైడ్ లాంటి సెమీకండక్టర్ ముక్క మీద రెండు లోహపు ఎలక్ట్రోడ్లు, మధ్యలో కొన్ని మైక్రాన్ల ఖాళీ. ఆ ఖాళీ మీద ఫెమ్టోసెకండ్ లేజర్ పల్స్ పడితే ఎలక్ట్రాన్లు పుట్టి ఎలక్ట్రోడ్ వైపు పరుగెడతాయి. ఆ క్షణికమైన కరెంటే టెరాహెర్ట్జ్ తరంగంగా బయటికొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, మనకి పనికొచ్చే వ్యవధి ఒక పికోసెకండు (సెకనులో లక్ష కోట్లో వంతు) లోపే. అంతలో ఎలక్ట్రాన్ పరుగెత్తగలిగేది మహా అయితే 100 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో పదో వంతు. ఖాళీ మైక్రాన్లలో ఉంది. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ నలుగురు ఎక్కగానే బస్సు కదిలిపోయినట్టు, ఎలక్ట్రోడ్ పక్కనే పుట్టిన ఎలక్ట్రాన్లు మాత్రమే లెక్కలోకి వస్తాయి. మిగతా లేజర్ వెలుగంతా దండగ.

దీనికి అమెరికాలో మోనా జర్రాహీ అనే ఇంజనీరు బృందం 2013లో ప్రచురించిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఎలక్ట్రోడ్లని నానోమీటర్ల వెడల్పున్న సన్నని లోహపు చారలుగా చేశారు. ఆ చారల మీద పడిన లేజర్ కాంతి ప్లాస్మానిక్ ప్రభావం (లోహంలోని ఎలక్ట్రాన్లు కాంతితో పాటు ఊగడం) వల్ల లోహం అంచుల దగ్గరే గుమిగూడుతుంది. అంటే ప్రయాణికులందరినీ ముందే ఫుట్‌బోర్డు దగ్గరికి చేర్చినట్టు. మామూలు డిజైన్‌తో పోలిస్తే సోర్సు వైపు శక్తి 50 రెట్లు, డిటెక్టర్ వైపు సున్నితత్వం 30 రెట్లు పెరిగాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఇది మీరు కాగితం మీద సొంతంగా చేసి చూసుకోండి. శక్తి 50 రెట్లు పెరిగితే నీటిలో ఎంత అదనపు లోతుకి వెళ్తాం? 50కి సహజ సంవర్గమానం 3.9. దాన్ని సెంటీమీటరుకి 220తో భాగిస్తే 0.18 మిల్లీమీటరు వస్తుంది. చర్మం మీద పరావర్తన పద్ధతిలో తరంగం వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి అందులో సగం: 0.1 మిల్లీమీటరు కూడా లేదు. యాభై రెట్లకి దక్కిన లోతు ఒక వెంట్రుక మందం!

అదే 50 రెట్లని టైమ్‌లోకి మార్చండి. శక్తి 50 రెట్లయితే మనం కొలిచే విద్యుత్ క్షేత్రం సుమారు 7 రెట్లవుతుంది. నాయిస్‌ని 7 రెట్లు తగ్గించాలంటే మామూలుగా 49 రెట్లు ఎక్కువసేపు సగటు తియ్యాలి. ఆ అవసరం పోయింది. నా నలభై నిమిషాల చికెన్ స్కాన్ సూత్రప్రాయంగా యాభై సెకన్లలోకి వస్తుంది. ముక్క ఆరదు, రోగికి విసుగు రాదు. (నమూనాని కదిపే మోటారు అంత వేగంగా తిరగాలనుకోండి, అది వేరే తలనొప్పి. మా దగ్గర చాలాకాలం అసలు అడ్డంకి ఆ మోటారే.)

అందుకే ఎవరైనా "నానోతో టెరాహెర్ట్జ్ లోతుగా చూస్తుంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. "త్వరగా చూస్తుంది" అంటే ఒప్పుకుంటాను.

సోర్సుల్లోనే ఇంకో దారి క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్. కొన్ని నానోమీటర్ల మందమున్న సెమీకండక్టర్ పొరలని వందల సంఖ్యలో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఎలక్ట్రాన్ మెట్లు దిగినట్టు దిగుతూ మెట్టుమెట్టుకీ ఫోటాన్ వదులుతుంది. టెరాహెర్ట్జ్‌లో పనిచేసే మొదటిది 2002లో వచ్చింది, 4.4 టెరాహెర్ట్జ్ దగ్గర. దానితో తంటా చలి. బాగా చల్లబరిస్తే తప్ప వెలిగేది కాదు. ద్రవ నైట్రోజన్ డబ్బాలతో ఓపీకి ఎవరు వస్తారు చెప్పండి? 2020 చివర్లో అమెరికాలోని ఎంఐటీ బృందం ఒకటి దాన్ని 250 కెల్విన్, అంటే మైనస్ 23 డిగ్రీల సెల్సియస్ దాకా లాక్కొచ్చింది. ఆ చలిని కరెంటుతో నడిచే చిన్న కూలరే ఇవ్వగలదు. నన్నడిగితే నానోకణాల కథలన్నిటికంటే ఇది పెద్ద వార్త.

డిటెక్టర్ల వైపు గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర), కార్బన్ నానోట్యూబులు (అదే పొర గొట్టంలా చుట్టుకున్నది) ఉన్నాయి. గది ఉష్ణోగ్రతలోనే టెరాహెర్ట్జ్‌ని పసిగట్టే గ్రాఫీన్ ట్రాన్సిస్టర్లు 2012లో వచ్చాయి. 2016లో టోక్యోలో కార్బన్ నానోట్యూబు పొరతో వంగే స్కానర్ చేసి, దానితో మనిషి చేతి బొమ్మ తీశారు. ఒంటి వంపుల మీద గట్టి పలక ఆనదు, వంగే పొర ఆనుతుంది. బ్యాండేజీలా చుట్టే స్కానర్ ఆలోచన అందులోంచే వచ్చింది. సూది మొన దగ్గర తరంగాన్ని బిగించి 40 నానోమీటర్ల స్పష్టతతో చూసే పద్ధతి కూడా 2008 నుంచీ ఉంది, కానీ అది చిప్‌లు పరీక్షించేవాళ్ల పరికరం. రోగి మీద వాడేది కాదు.

ఒంట్లోకి ఎక్కించే నానోకణాలు

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, మీ ప్రశ్నలోనూ కనిపించింది. ఎక్స్-రేకి బేరియం ఎలాగో టెరాహెర్ట్జ్‌కి బంగారు కణాలు అలాగే, కణం తరంగాన్ని ఆపుతుంది, కాబట్టి కనిపిస్తుంది అనుకుంటారు. కాదు. 50 నానోమీటర్ల కణం ఎక్కడ, 300 మైక్రాన్ల తరంగం ఎక్కడ? ఆరువేల రెట్ల తేడా. ఆ తరంగానికి ఆ కణం ఉన్నట్టే తెలీదు.

మరి ఎలా పనిచేస్తుంది? కణం పొయ్యిలా పనిచేస్తుంది. దక్షిణ కొరియాలో ఒక బృందం 2009లో చేసిన ప్రయోగం చూడండి. క్యాన్సర్ కణాలకి బంగారు నానోరాడ్లు పట్టించారు. నానోరాడ్ అంటే పొడవాటి బియ్యపు గింజ ఆకారంలో ఉండే అతి చిన్న బంగారు కడ్డీ. దాని పొడవు, వెడల్పుల నిష్పత్తి సరిచేస్తే 800 నానోమీటర్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా పీల్చుకుని వేడెక్కుతుంది. వేడెక్కిన నానోరాడ్ తన చుట్టూ ఉన్న నీటిని వేడి చేస్తుంది. నీటి ఉష్ణోగ్రత మారితే దాని టెరాహెర్ట్జ్ పరావర్తనం కూడా కొద్దిగా మారుతుంది. లేజర్ ఆన్‌లో ఉన్నప్పటి సిగ్నల్ లోంచి ఆఫ్‌లో ఉన్నప్పటిది తీసేస్తే, నానోరాడ్లు చేరిన చోటు మాత్రం వెలుగుతుంది. అంటే మళ్లీ నీళ్లనే చూస్తున్నాం, కాకపోతే మనం ఎంచుకున్న నీళ్లని. తర్వాత లేజర్ బదులు మారే అయస్కాంత క్షేత్రంతో ఐరన్ ఆక్సైడ్ కణాలని వేడిచేసి కూడా చూపించారు.

ఆలోచన అందంగా ఉంది. ఆచరణలో మాత్రం మూడు చోట్ల కాలు జారుతుంది.

ఒకటి, వేడి ఒకచోట నిలవదు. నీటిలో ఒక్క సెకనులోనే అర మిల్లీమీటరుకి పైగా పాకిపోతుంది. లేజర్‌ని తాపీగా ఆన్ చేసి కూర్చుంటే బొమ్మ అలుక్కుపోతుంది. వేగంగా ఆన్-ఆఫ్ చెయ్యాలి, అలా చేస్తే ఉష్ణోగ్రత తేడా చిన్నదైపోతుంది. ఈ రెంటి మధ్య బేరమే అసలు ఇంజనీరింగ్.

రెండు, ఆ లేజర్‌కి వేడెక్కేది బంగారమొక్కటే కాదు. బ్యూటీ క్లినిక్‌లలో వెంట్రుకలు తీసే డయోడ్ లేజర్ కూడా 808 నానోమీటర్లదే. అది పనిచేసేదే మెలనిన్‌ని వేడిచేసి. మన ఛాయ చర్మంలో నానోకణాలు లేకపోయినా లేజర్ కొంత వేడి పుట్టిస్తుంది. నానోకణాలు ఎక్కించని చర్మం మీద పోలిక కోసం కంట్రోల్ పరీక్ష చెయ్యని పేపర్‌ని నేను రివ్యూలో వెనక్కి పంపిస్తాను.

మూడు, కణాల కెమిస్ట్రీ. నానోరాడ్లు చేసేటప్పుడు వాడే సీటాబ్ అనే సబ్బులాంటి పదార్థం జీవకణాలకి విషం. దాన్ని తీసేసి పెగ్ అనే పాలిమర్ పూత వెయ్యాలి. ఒకసారి మాకు పూత సరిగా పడలేదు. పొద్దున కషాయం రంగులో నిగనిగలాడుతున్న ద్రావణాన్ని సెలైన్ లాంటి ఉప్పు ద్రావణంలో కలిపాం. టీ తాగి వచ్చేలోపు బూడిద రంగుకి తిరిగింది. మర్నాటికి సీసా అడుగున నల్లటి మడ్డి, పైన తేట నీళ్లు. కణాలన్నీ ముద్దకట్టేశాయి. మూడు వారాల పని పోయింది. బీకరులో ఉప్పునీళ్లకే అలా అయితే రక్తంలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. సరిగా పూత పడినవి కూడా నరంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయంలో, ప్లీహంలో పోగవుతాయి. బంగారం అరిగిపోయేదీ కాదు.

ఇంకో మాట కూడా అనాలి. టెరాహెర్ట్జ్‌కి అందేది చర్మం పై పొర. అక్కడి మచ్చ స్కిన్ డాక్టరుకి కంటికే కనిపిస్తుంది. అనుమానం వస్తే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. దాన్ని కాదని నానోకణాలు ఎక్కించడానికి ఏ డాక్టరు ఒప్పుకుంటారు? గడ్డ ఉందా లేదా అన్నదానికి కాకుండా, ఆపరేషన్ టేబుల్ దగ్గర "ఇంకా ఎంత మేర కొయ్యాలి" అన్న ప్రశ్నకి జవాబిస్తేనే దీనికి విలువ. ఇక్కడో హెచ్చరిక: ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రావణంలో) నానబెట్టిన ముక్కల మీద వచ్చిన ఫలితాలని తాజా ముక్కలకి వర్తింపజేయకండి. ఫార్మలిన్, మైనం నీటి లెక్కని పూర్తిగా మార్చేస్తాయి.

కణాల అవసరమే లేని పని ఒకటి చెబుతాను. మెక్సికోలో ఒక బృందం 2017లో షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లని టెరాహెర్ట్జ్‌తో చూసింది. నరాలు, రక్తప్రసరణ దెబ్బతిన్న పాదంలో చర్మం తేమ తగ్గుతుంది. పుండు పడకముందే ఆ తేడా బొమ్మలో తెలుస్తుందేమోనని వాళ్ల ఆశ. తొలి ప్రయత్నమే, కానీ దిశ సరైనది. లోతు అక్కర్లేదు, కొలవాల్సింది నీరే, సూది లేదు. మన దగ్గర షుగర్ కాలి పుండ్ల సంగతి మీకు నేను చెప్పాలా? వేగవంతమైన నానో ఎలక్ట్రోడ్ల సోర్సు, వంగే డిటెక్టరు ఇలాంటిదానికి తోడైతే నాకు ఆసక్తి.

(అన్నట్టు, ఎయిర్‌పోర్టు బాడీ స్కానర్లు టెరాహెర్ట్జ్‌వని చాలాచోట్ల రాస్తారు. మామూలుగా కనిపించేవి 24 నుంచి 30 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మిల్లీమీటరు తరంగాలవి.)

ఇక మీ ప్రాజెక్టు

ల్యాబ్ లేకుండా టెరాహెర్ట్జ్ ప్రయోగం పెట్టుకోకండి. మంచి సిస్టమ్ కోటి రూపాయల మాట. పైగా వానాకాలం గాలిలో తేమ కూడా సిగ్నల్‌ని తినేస్తుంది. 0.56, 0.75, 1.1 టెరాహెర్ట్జ్‌ల దగ్గర నీటి ఆవిరి గాట్లు పడతాయి. పొడి నైట్రోజన్ పెట్టి గాలిని తోలుతూ కూర్చోవాలి. ముంబై టీఐఎఫ్ఆర్‌లో (టాటా పరిశోధన సంస్థ) టెరాహెర్ట్జ్ ల్యాబ్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పేలుడు పదార్థాల గుర్తింపు కోసం ఈ తరంగాల మీద పని చేశారు. మీ గైడ్ ద్వారా అడిగి చూడండి, ఒక్క వారం టైమ్ దొరికినా గొప్పే.

దొరకకపోతే లెక్కల ప్రాజెక్టు చెయ్యండి. నీటి టెరాహెర్ట్జ్ గుణాలకి డబుల్ డిబై అనే మోడల్ ఉంది. దాన్ని ఉష్ణోగ్రతతో కలిపి పైథాన్‌లో రాసుకోండి. దానికి వేడి పాకే సమీకరణం జతచెయ్యండి. "లేజర్‌ని సెకనుకి ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ చేస్తే తేడా సిగ్నల్ కనిపిస్తుంది, బొమ్మ అలుక్కోకుండా ఉంటుంది?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు రాబట్టండి. ల్యాప్‌టాప్ చాలు. వైవాలో ఎవరూ మిమ్మల్ని కదపలేరు.

చేత్తో ఏదైనా చెయ్యాలనిపిస్తే బంగారు నానోరాడ్ల ద్రావణం, 808 నానోమీటర్ల డయోడ్ లేజర్, ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టుకుని వేడెక్కే తీరు కొలవండి. ఉత్త నీళ్ల మీద కూడా అదే కొలత తీసుకోండి. థర్మోకపుల్ తీగ మీద లేజర్ నేరుగా పడనివ్వకండి. పడితే తీగే వేడెక్కి అబద్ధం చెబుతుంది, నాకు రెండుసార్లు చెప్పింది. ఇంకొకటి: 808 కాంతి కంటికి మసక ఎరుపు చుక్కలా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, అందుకే బలహీనమైనదనుకుంటారు. రెటీనాకి అలా ఉండదు. గాగుల్స్ కొనేటప్పుడు రంగు చూసి కొనకండి, 808కి పనిచేస్తుందని దాని మీద అచ్చు వేసి ఉందో లేదో చూసి కొనండి.